మూడో పిలుపు

సాయంత్రం నాలుగున్నర. వాన తెరిపిచ్చింది గానీ మబ్బు విడలేదు. అండమానులో పొద్దు తొందరగా గూకుతుంది. ఐదు దాటిందంటే దీపం పెట్టుకోవాల్సిందే. అందుకే గరాచర్మలో చేపలమ్ముకునే మన రేవు ఆడాళ్ళు, తట్టలో ఇంకా సరుకు మిగిలున్నా సరే, బస్సు దిగి పరుగులాంటి నడకతో సముద్రం దారి పట్టేవారు.

ఆ దారిలో బంకరుంది మరి.

జపానువాళ్ళు కట్టి వదిలేసి పోయిన బంకరు. మొగలిపొదల్లో సగం కూరుకుపోయి ఉండేది. సిమెంటు కప్పు, నడుం వంచితే గానీ దూరలేని గుమ్మం, సముద్రం వైపు అడ్డంగా ఒక కన్నం. పోటు వచ్చినప్పుడు ఆ కన్నంలోంచి నీళ్ళు లోపలికి పోయేవి. పోవడం... వెనక్కి రావడం... మళ్ళీ పోవడం. లోపలెవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టే ఉండేదని చెబుతారు.

దాని పేరు మంచిది కాదు.

మొదట్లో అందులో జపాను దెయ్యం ఉందనేవారు. యుద్ధం అయిపోయిన సంగతి తెలీక ఇంకా కాపలా కాస్తోందట. చీకటి పడ్డాక ఆ పక్కనుంచి పోయేవాళ్ళని పిలుస్తుందట. అది జపాను మాటలో పిలవదు, ఎవరి మాటలో వాళ్ళనే పిలుస్తుంది. వాళ్ళకి బాగా తెలిసిన గొంతుతో.

ఒక్కసారి. మహా అయితే రెండుసార్లు.

మూడో పిలుపు మాత్రం ఎవరూ వినలేదు.

సికాకుళం తీరంనుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ పాకలు వేసుకున్నప్పుడు, వలలతోపాటు మనవాళ్ళు తెచ్చుకున్న కట్టుబాటు ఒకటుంది. చీకట్లో పిలిస్తే పలక్కూడదు. రెండోసారి పిలిచినా పలక్కూడదు. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు. దెయ్యానికి మూడోది చేతకాదు. తొందరపడి పలికావా... నీ గొంతు దానిదైపోతుంది. గొంతు వెనకాలే నువ్వూ పోతావు.

ఉగ్గుపాలతో పోస్తారు ఆ మాట. రేవులో దానిని తప్పినవాళ్ళు లేరు.

గురమ్మ అసలే తప్పలేదు.

గురమ్మ కొడుకు యర్రయ్య ఫౌజులో పనిచేశాడు. పాకిస్తానుతో మొదటిసారి జరిగిన యుద్ధం చూసి ఇంటికొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పలకరిస్తే నవ్వేవాడు, అంతే. ఒక పున్నమి పోటు రాత్రి ఆ బంకరులోనే పోయాడు. తెల్లారాక మొగలిపొదల దగ్గర దొరికాడు.

యర్రయ్య పోయిన రోజు సాయంత్రం గురమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఆ దారినే వచ్చింది. పిలుపు విన్నది. అచ్చం యర్రయ్య గొంతు.

"ఆడి గొంతు పెట్టుకుని నన్ను పిలిసిందే జపానుది," అని చెప్పేది తర్వాత, ఎవరడిగినా. "అమ్మా అంది. మళ్ళీ అమ్మా అంది. మూడోదానికి నిలబడ్డాను. రానేదు. నాను దొరకలేదని... ఆణ్ణి పట్టుకుపోయింది."

అలా చెప్పి కొంగు నోట్లో కుక్కుకునేది. కట్టుబాటు ఎంత నిజమో చెప్పడానికి ఆ సంగతినే అందరూ సాక్ష్యం తెచ్చేవారు.

*

ఏళ్ళు గడిచాక, ఈ వాన తెరిపిచ్చిన సాయంత్రం గురమ్మ పక్కన నడుస్తున్నది కాసులమ్మ. ఇద్దరివీ పక్కపక్క పాకలే. గురమ్మని అక్క వరసలో అప్పా అని పిలుస్తుంది.

"కొత్తింటి బాబుగారి పెళ్ళాం లేదేటే," గురమ్మ మాట్లాడుతూనే ఉంది, బంకరు దగ్గరపడే కొద్దీ గొంతు పెంచుతూ, "సేప మొప్ప ఎత్తి సూసి, 'తాజా హై క్యా?' అంటాది. సూసిందే సూసి, అడిగిందే అడిగి. నాకంటే తాజాయే దీదీ, తీసుకో అన్నాను."

కాసులమ్మ నవ్వలేదు. ఆమెకి ఇంటి ధ్యాస.

ఇంట్లో తాతబ్బాయి ఉన్నాడు. ఒక్కగానొక్క కొడుకు. బంగ్లా యుద్ధంనుంచి వచ్చాడు, ఒంటిమీద గీత కూడా లేకుండా. ఓడ దిగిన రోజు రేవంతా వచ్చి చూసింది. గంగమ్మకి కోడిని కోశారు. ఆ రాత్రి పాకమీద కొబ్బరికాయ రాలింది — ఆ చప్పుడుకి తాతబ్బాయి బోర్లా పడుకుని, తల్లిని కిందికి లాగి, ఆమె మీద తన ఒళ్ళు కప్పాడు. తెల్లారేదాకా లేవనివ్వలేదు.

ఆ తర్వాత వాడు పడుకోలేదు. కూర్చునే నిద్రపోయేవాడు, గుమ్మం వైపు మొహం పెట్టి. ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. ఏదైనా కావాలంటే వచ్చి పక్కన నిలబడేవాడు, కాసులమ్మ తిరిగి చూసేదాకా.

"బంకరుది సోకింది," అంది రేవు. నిమ్మకాయలు కోశారు. వేపమండలతో కొట్టారు. ఒకసారి తండ్రి జోగులు పడవెక్కించి తీసుకుపోయాడు. చీకట్లో పక్క పడవవాళ్ళు "ఓయ్! ఎవలది?" అని కేకేస్తే, పడవ అడుగున ముడుచుకుని చెవులు మూసుకున్నాడు. మర్నాడు పడవవాళ్ళు జోగులుకి చెప్పేశారు — పిచ్చోడుంటే మేం ఎక్కం.

అప్పుడొచ్చాడు గణేశ్వరరావు. బర్మా దాకా పోయి వచ్చిన పాత హవల్దారు. గరాచర్మలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. ఎవరో చెబితే విని, బస్సెక్కి, కొండ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ వచ్చాడు.

"ఇది గాలి కాదు భయ్యా," అన్నాడు జోగులుతో. "నాకూ వచ్చింది. కాలిరిగితే నిమ్మకాయ కోస్తావా?"

"కాలిరిగితే కనపడతాది."

"కనపడదు గనకనే నేను ఇంత దూరం వచ్చాను."

డెలానీపూరులో ఒక క్వార్టరు వరండా ఉందన్నాడు. ఆదివారం ఆదివారం ఫౌజునుంచి వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుంటారు. ఒక సర్దార్జీ, ఒక మలయాళీ, రాంచీవాడొకడు. టీ తాగుతారు. పేకాడతారు. ఎవడైనా ఆడుతూ ఆడుతూ ఏడిస్తే మిగతావాళ్ళు వాడి ముక్కలు చూడరు, తమ ముక్కలే చూసుకుంటారు. పెద్దాసుపత్రి డాక్టరొకాయన వచ్చి వాళ్ళలోనే కూర్చుంటాడు. నిద్రకి మందిస్తాడు.

తాతబ్బాయి ఒక్క ఆదివారం పోయాడు. ఆ రాత్రి నడుం వాల్చి పడుకున్నాడు. కాసులమ్మ దీపం తగ్గించి, కొడుకు పడుకున్న తీరు చూస్తూ కూర్చుంది. ఎన్నాళ్ళకి!

మర్నాడు వల దగ్గర ఎవరో జోగులుని ఆడిపోసుకున్నారు. "ఏటోయ్, మీ ఓణ్ణి పిచ్చోళ్ళ పార్టీలో కలిపేసినావట?"

ఈ ఆదివారం జోగులు కొడుకుని పోనివ్వలేదు. కాసులమ్మ పోనివ్వమని అనాలనుకుంది. అనలేదు.

*

బంకరు దగ్గరికొచ్చారు.

గురమ్మ మాట ఆగిపోయింది. ఎప్పుడూ అక్కడే ఆగిపోతుంది. కొంగు నోట్లో పెట్టుకుంది. పోటు పొడుస్తోంది. కన్నంలోంచి నీళ్ళు లోపలికి పోతున్న చప్పుడు... వెనక్కి వస్తున్న చప్పుడు...

"అమ్మా."

ఇద్దరి కాళ్ళూ నిలిచిపోయాయి.

గట్టిగా కాదు. పక్కనున్నవాళ్ళని నిద్ర లేపకుండా తల్లిని ఒక్కదాన్నే లేపినట్టు.

కాసులమ్మ తట్ట జారింది. "అప్పా... మా ఓడే..."

"పలక్కు!" గురమ్మ ఆమె నోరు మూసింది. "మీ ఓడు ఇంట్లో ఉన్నాడే. అది గొంతు పెట్టుకుంది. నాకూ అలాగే పెట్టింది. పలక్కు."

సముద్రం ఒకసారి ఊపిరి తీసింది.

"అమ్మా..."

కాసులమ్మ గురమ్మ చేతి మీద గోళ్ళు దించింది. గురమ్మ వదల్లేదు.

"మూడోది రానీ," గుసగుసగా అంది. "మనిషైతే పిలుస్తాడు. మూడోది రానీ..."

నిలబడ్డారు. చినుకు మొదలైంది. మొగలాకుల మీద టపటప. చెవులు రిక్కించి ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు కోసం వెతికారు. కాసులమ్మ తన గుండె చప్పుడుని కూడా తిట్టుకుంది, అడ్డమొస్తోందని.

రాలేదు.

"సూసినావా," అంది గురమ్మ. ఏడుస్తోంది. "సూసినావా మరి. ఎలిపోదాం పద."

పరుగెత్తారు. తట్ట అక్కడే ఉండిపోయింది.

*

పాకలో లాంతరు వెలుగుతోంది. జోగులు చినిగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. అతనికి ఎదురుగా, తడిసిన బట్టలతో, హవల్దారు గణేశ్వరరావు. తాతబ్బాయి ఆదివారం రాలేదేమని కనుక్కోవడానికి వచ్చాడు.

తాతబ్బాయి కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

"ఏడీ?" అంది కాసులమ్మ.

"మీకు ఎదురొస్తానని ఎల్లాడు," అన్నాడు జోగులు. "కనపడలేదేటి?"

గురమ్మే చెప్పింది, ఆయాసపడుతూ. బంకరు... పిలుపు... రెండుసార్లు. "మా సెవులతో ఇన్నాం బాబూ. మూడోది రానేదు. మనిషి కాదు. మనిషైతే మూడోసారి—"

హవల్దారు లేచి నిలబడ్డాడు.

"మూడోసారి పిలవడమ్మా."

"ఏటి?"

"ఫౌజులో కాపలా కాసినవాడు మూడోసారి పిలవడు." ఆయన మాట మెల్లగా ఉంది గానీ చేతులు టార్చిలైటు కోసం తడుముకుంటున్నాయి. "రాత్రి సంత్రీ పనిలో ఉంటాం. చీకట్లో ఎవరో వస్తారు. 'థమ్! కౌన్ ఆతా హై?' అని, ఆగు, ఎవరది అని అడుగుతాం. పలక్కపోతే మళ్ళీ అడుగుతాం. మూడోసారీ అడుగుతాం. మూడోసారికీ పలక్కపోతే... కాల్చాలి. అది హుకుం."

ఆయన చేతికి టార్చి దొరికింది.

"వరండాలో చెప్పుకున్నది బయట చెప్పకూడదు. ఇవాళ చెబుతున్నాను దీదీ, క్షమించు. బంగ్లాలో ఒక ఏటి గట్టున మీవాడు కాపలా ఉన్నాడు. ఎవరో వస్తున్నారు. పిలిచాడు. పిలిచాడు. మూడోసారీ పిలిచాడు. తెల్లారి చూస్తే... ముసలావిడ. చంకలో కోడిపెట్ట. యుద్ధం దూరం జరిగిందని, సొంతూరికి తిరిగొస్తోంది. ఆవిడకి వినపడలేదో... చీకట్లో పిలిస్తే పలక్కూడదనుకుందో."

కాసులమ్మ గుంజ పట్టుకుంది.

"మీవాడొక్కడే కాదు. ఆ పని చేసినవాళ్ళం చాలామందిమి మూడోసారి పిలవలేం. గొంతు పెగలదు. నేను పెరట్లోంచి నా పెళ్ళాన్ని కూడా—" ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు. "చలో భయ్యా. పోటు ఎక్కుతోంది."

జోగులు వల కాలికి చుట్టుకున్నా విడిపించుకోకుండా అలాగే లేచాడు.

గుమ్మం దగ్గర గురమ్మ నిలబడి ఉంది. దారి ఇవ్వడం మరిచిపోయింది.

"మా యర్రయ్య..." అంది.

హవల్దారు ఆమె వైపు తిరిగాడు.

"మా యర్రయ్య కూడా కాపలా కాసినోడే బాబూ. ఆ దినం నన్ను రెండుసార్లు పిలిసినాడు."

*

చీకటి పూర్తిగా దిగింది. వాన పెరిగింది. టార్చివెలుగులో మొగలిపొదలు ఊగుతున్నాయి. బంకరు గుమ్మంలోకి నీళ్ళు తోసుకుపోతున్నాయి.

హవల్దారు ముందు చేరాడు, వెనకే జోగులూ ఆడాళ్ళిద్దరూ. "తాతబ్బాయ్!"

సముద్రం.

"తాతబ్బాయ్!"

మళ్ళీ నోరు తెరిచాడు. టార్చి ఊగింది. ఆ పెద్దమనిషి, బర్మా దాకా పోయి వచ్చినవాడు, అలాగే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

మూడోది కాసులమ్మ పిలిచింది.

ఆమె మూడుతో ఆపలేదు. తాతబ్బాయీ, ఒరే నానా, ఒరే నా బంగారుకొండా — పురిట్లో పిలిచిన పేర్లు, జ్వరంలో పిలిచిన పేర్లు, వాడు కూడా మరిచిపోయిన పేర్లు, అన్నిటితోనూ పిలిచింది. పిలుస్తూనే నీళ్ళలోకి దిగింది. జోగులు ఆమెని దాటుకుని నడుం వంచి లోపలికి దూరాడు.

కాసేపు నీళ్ళ చప్పుడే.

తర్వాత జోగులు వెనక్కి వెనక్కి వచ్చాడు, చంకల కింద చేతులేసి కొడుకుని లాక్కుంటూ. ఛాతీ దాకా తడిసి ఉన్నాడు వాడు. బతికున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాడు.

కాసులమ్మ వాడి మొహం రెండు చేతుల్లో పట్టుకుంది. దెబ్బ తగిలిందా, జ్వరమా, ఏమీ అడగలేదు. పట్టుకుంది అంతే.

"లేవాలనిపించలేదమ్మా," అన్నాడు. "మీకు ఎదురొద్దామనే వచ్చాను. ఇక్కడ కూర్చున్నాను. నీళ్ళొచ్చాయి. లేవాలనిపించలేదు."

"పిలిసినావు కదరా. నాను... నిలబడిపోనాను. పిలిసినావు, నానే—"

"నేను పిలవలేదు."

జోగులు తలెత్తాడు.

"నేను పిలవలేదమ్మా." తాతబ్బాయి ఒక్కొక్క ముఖమూ చూశాడు. "పిలిస్తే పలుకుతారా ఇక్కడెవరైనా? నేను లోపలున్నానని మీకెలా తెలిసింది?"

వాన పడుతోంది.

అప్పుడు, వెనకాల, ఖాళీ బంకరులోంచి —

"అమ్మా."

కన్నంలోంచి నీళ్ళు వెనక్కి లాగిన చప్పుడే అది, అని హవల్దారు తర్వాత చెప్పాడు. ఏమో. ఆ క్షణం మాత్రం ఆయన కూడా టార్చి ఆర్పేశాడు. జోగులు కొడుకు తల తన గుండెకి అదుముకున్నాడు.

గురమ్మ ఒక్కతే కదిలింది.

రెండోదానికి ఆగలేదు ఆమె.

"ఓయ్..." అంది. "ఓయ్ నానా! ఇక్కడే ఉన్నాను."

మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి గుమ్మం దాకా పోయింది. వంగింది. లోపలి చీకట్లోకి చెయ్యి చాపింది, బడికి పోనని మూల నక్కిన పిల్లాణ్ణి పిలిచినట్టు.

"సలేస్తోంది కదరా అందులో. ఎన్నాళ్ళు కూకుంటావు? రా. మీయమ్మకి తెలీలేదురా. తెలీక నిలబడిపోనాది. రా, ఇంటికి పోదాం."

ఎవరూ ఆమెని వెనక్కి లాగలేదు. హవల్దారు అడుగు వేయబోతే కాసులమ్మే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

గురమ్మ నిటారుగా లేచింది. కొంగు విప్పి పక్కకి పట్టుకుంది, వాన పడకుండా ఇంకొకరికి కప్పినట్టు. అలాగే నడిచింది దారంతా. దారి ఇరుకుగా ఉన్నచోట తను మొగలిముళ్ళలోకి ఒదిగి, పక్కన చోటు వదిలి మరీ నడిచింది. ముళ్ళు గీరుకున్నా చూసుకోలేదు.

"వచ్చే ఆదివారం నానే తీసుకెల్తాను," అన్నాడు జోగులు హవల్దారుతో, వెనకాల నడుస్తూ. "వరండాలో నన్ను కూకోనిస్తారా?"

"గోడవారగా బెంచీ ఉంది భయ్యా. తండ్రులు కూర్చుంటారు."

పాక చేరారు. కాసులమ్మ ముందుగా లోపలికి పోయి లాంతరు తెచ్చి గుమ్మం దగ్గర ఎత్తి పట్టుకుంది. జోగులు వచ్చాడు. అతని భుజం మీద వాలి తాతబ్బాయి వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని హవల్దారు వచ్చాడు. గురమ్మ మాత్రం చూరు కింద ఆగిపోయింది, కొంగు అలాగే పట్టుకుని.

"ఒలే కాసులమ్మా," అంది, ఎటో చూస్తూ. "సీకట్లో నాకు తెలీట్లేదు. అందరూ వచ్చీసినారేటే? లెక్కెట్టు."

కాసులమ్మ లాంతరు ఇంకాస్త ఎత్తింది. గురమ్మ పక్కన, కొంగు నీడలో నేల ఉంది. నేలమీద వాన.

"మా ఆయన," అంది. "తాతబ్బాయి. అవల్దారు బాబు. నాను. నువ్వు."

గురమ్మ అలాగే చూస్తోంది.

"యర్రయ్య," అంది కాసులమ్మ. "ఆరుగురం అప్పా. అందరం వచ్చీసినాం."